జానెడు ఎత్తు

బాస్కెట్‌బాల్ కోర్టులో బంతి చేతికి రాగానే చంటి తలెత్తి చూశాడు. ఎదురుగా ఎవరూ లేరు. అతన్ని కాయవలసిన కుర్రాడు వీపు తిప్పుకుని, వంగి, జారిపోయిన మేజోడు పైకి లాక్కుంటున్నాడు.

"ఛేడే దే! ఓకే ఛేడే దే!" అని అవతలి జట్టు కెప్టెన్ అర్కో బెంగాలీలో అరిచాడు. వాణ్ణి వదిలెయ్యండిరా, వాడితో మనకి పనిలేదు అని.

అవమానం అంటే నోటితో తిట్టడం ఒక్కటే అనుకుంటాం గానీ, ఇంతమంది చూస్తుండగా ఒక మనిషిని బంతితో సహా గాలికి వదిలెయ్యడం కన్నా పెద్ద తిట్టు ఏముంటుంది? చంటి ఎగిరాడు. ఆ ఎగరడం మాత్రం చూసి తీరాలి. మోకాళ్ళు వంగాయో లేదో, మనిషి అంతెత్తున ఉన్నాడు. మెట్ల మీద వేరుశెనగలు నములుతున్న వాళ్ళ చేతులు నోటి దగ్గరే ఆగిపోయాయి. అంత పైనుంచి వదిలిన బంతి రింగు మీదుగా వెళ్ళిపోయి, వెనక బోర్డుకి ధనామని తగిలి, తిరిగి అర్కో చేతుల్లోనే పడింది. ఆగిన నోళ్ళన్నీ గొల్లున నవ్వాయి.

ఆరడుగుల మూడంగుళాల మనిషిని చంటి అనడం ఇంట్లోవాళ్ళ చలవ. కాలేజీ రికార్డుల్లో అతను నవదీప్. ఒకసారి తల్లి రోజారాణి ఫోనులో పిలవగా జట్టులో ఎవరో విన్నారు. అప్పట్నుంచి భవానీపూర్ కాలేజీలో, బెంగాలీ నోళ్ళలో, అతను చొంటి. అవతలివాళ్ళ బంతిని గాల్లో కొట్టి పడెయ్యాలన్నా, రింగు దగ్గర గుంపులోంచి బంతి లాక్కోవాలన్నా చొంటి తరవాతే ఎవరైనా. రింగులో వెయ్యడం ఒక్కటే రాదు.

ఆట అయ్యాక, అందరూ అన్నగా పిలిచే కోచ్ తపన్ దా అతన్ని నీళ్ళ కుళాయి దగ్గరికి పిలిచాడు. తపన్ దా కోప్పడే మనిషి కాడు. చెప్పదలచుకున్నది హిందీలో మొదలుపెట్టి బెంగాలీలో ముగిస్తాడు, అంతే.

"శనివారం యూనివర్సిటీ జట్టు కోసం ఇద్దరు సెలెక్టర్లు వస్తున్నారు. నీది ఆఖరి సంవత్సరం, నాకు తెలుసు. అయినా నిన్ను మొదటి ఐదుగురిలో దింపలేను."

"దాదా, నేను రోజూ పొద్దున్నే ప్రాక్టీసు చేస్తూనే ఉన్నాను."

"అదే నాకు అర్థం కాదు. చేసేకొద్దీ నీ బంతి ఇంకా దూరం పోతోంది. నీలా ఎగిరేవాణ్ణి నేను చూడలేదు చొంటి. కానీ నువ్వు కోర్టులో ఉంటే వాళ్ళు ఐదుగురు, మనం నలుగురం."

చంటి మొహం కడుక్కున్నాడు. కడుక్కున్నదే మళ్ళీ కడుక్కున్నాడు. తలెత్తేసరికి కూరగాయల సంచీతో నాగేశ్వరి అత్త నిలబడి ఉంది. నాన్నకి పిన్ని కూతురు. ఈ వీధిలోనే ఉంటుంది, రైల్వే ఆఫీసులో ఉద్యోగం. పండగలకి సందేశ్ మిఠాయి పొట్లం తెచ్చే అత్తగానే అతనికి ఆమె తెలుసు. ఆట చూసిందని అర్థమై అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

"రేప్పొద్దున్న ఇంటికాడే ఉంటావేట్రా?" అంది అత్త. ఉంటానన్నాడు. ఇంకేమీ అడగకుండా ఆమె కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

టికియాపారాలో రైల్వే క్వార్టర్ల వెనక, లోకల్ రైళ్ళు బాగుచేసే షెడ్డు గోడకీ పంపుహౌసుకీ మధ్య కాస్త ఖాళీ జాగా ఉంది. చంటి దాన్ని కోర్టు అంటాడు, మిగతా కాలనీ అక్కడ దుప్పట్లు ఆరేసుకుంటుంది. కింద మట్టి, ఇటుక ముక్కలు. ఒక కొసన ఇనప స్తంభం, దానికి చెక్క బోర్డు, బోర్డుకి రింగు. తండ్రి శ్రీనివాస రావు స్వయంగా కమ్మీ వంచి, అతికి నిలబెట్టాడు. షెడ్డులో వెల్డరాయన. ఆయన వేసిన అతుకు ఊడిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. ఆ సంగతి కూడా ఆయనే చెబుతుంటాడు.

గురువారం పొద్దున్న మంచు ఇంకా విడలేదు. చంటి ఎగిరి బంతి వేశాడు. పడింది. పక్కకి జరిగి వేశాడు, పడింది. ఇదే అతన్ని కాల్చుకు తింటున్న సంగతి. ఇక్కడ పడే బంతి అక్కడ ఎందుకు పడదు? బంతి అదే, చెయ్యి అదే. మారేది ఒక్కటే, అక్కడ జనం ఉంటారు. నలుగురూ చూస్తుంటే చెయ్యి చెడిపోయేవాణ్ణి ఏమంటారు? పిరికివాడంటారు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదు గానీ, కాలేజీలో చేరినప్పట్నుంచీ మోస్తూనే ఉన్నాడు.

చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కాన్వాసు బూట్లు వేసుకుని నాగేశ్వరి అత్త పంపుహౌసు పక్కనుంచి వచ్చింది. ఎస్ప్లనేడ్‌లో మెట్రో మారి, హౌరాలో లోకల్ ఎక్కి, ఆ మోకాలితో ఇంతదూరం వచ్చింది.

"అత్తా, చలిగా ఉన్నాది, ఇంట్లో కూకో. అమ్మ టీ పెడతాది."

"టీ ఎక్కడికీ పోదు. ఎగురు, చూస్తాను."

చంటి ఎగిరాడు. అత్త పంపుహౌసు మెట్టు మీద కూర్చోబోయి, కూర్చోకుండా అలాగే నిలబడిపోయింది. ఇంకోసారి ఎగరమంది. ఇంకోసారి ఎగిరాడు.

"నాను ఆడిన రోజుల్లో దేశమంతా తిరిగినానురా. ఇలగ ఎగిరినోణ్ణి ఎక్కడా చూడలేదు" అంది. పొగడ్తలా అనలేదు, కాస్త భయపడినట్టుగానే అంది. "ఏదీ, బంతిలాగియ్యి."

ఆమె రైల్వే ఆడవాళ్ళ జట్టులో ఆడేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆటల కోటాలో ఉద్యోగం వచ్చిందంటారు, అక్కడితో ఆ కబురు ఆగిపోతుంది. ఆమె ఆడగా చంటి ఎన్నడూ చూడలేదు. అత్త బంతిని అరచేతుల్లో ఒకసారి తిప్పి, గీతలు వేళ్ళకి అడ్డంగా వచ్చేలా పట్టుకుంది. కాళ్ళు నేల మీద ఆనించే ఉంచి బంతి వదిలింది. అది రింగు ముందంచుకి తగిలి కింద పడింది.

"పరవాలేదత్తా" అన్నాడు చంటి మర్యాదగా.

మళ్ళీ వేసింది. మళ్ళీ ముందంచే. మూడోసారి కూడా. ఓదార్పు మాట ఇంకొకటి చెప్పబోయి చంటి ఆగిపోయాడు. తప్పే బంతి ఒక్కోసారి ఒక్కోచోట తగలాలి. ఇది ప్రతిసారీ ఆ తుప్పు పట్టిన మచ్చ దగ్గరే తగులుతోంది. అత్త రింగు వంక చూడటం లేదు, తన అరచేతి వంక చూసుకుంటోంది.

"ఇది ఎత్తుగా ఉన్నాదిరా."

"చాన్నాళ్ళయింది కదత్తా నువ్వు బంతి ముట్టుకుని..."

"నా మోకాలు పోయింది. చెయ్యి పోలేదు" అంది అత్త. ఈసారి మోకాళ్ళు ఇంకొంచెం వంచి, చెయ్యి ఇంకొంచెం పైకి సాచి వదిలింది. బంతి ఇనుముకి తగలకుండా దారాల వల్లోంచి జారిపోయింది. చంటి బంతి అందించాడు, ఆమె వేసింది. అందించాడు, వేసింది. వల చిన్నగా సర్‌మనడం తప్ప వేరే చప్పుడే లేదు. అందించడం తప్ప వేరే పనే లేనట్టు చంటి అందిస్తూ ఉండిపోయాడు. పండగలకి సందేశ్ తెచ్చే అత్త, మెట్లెక్కలేక రెయిలింగు పట్టుకునే అత్త, ఈవిడేనా? ఇంతకాలం ఇంట్లో ఇంత విద్య పెట్టుకుని తను గోడకేసి బంతి కొట్టుకున్నాడు.

రాత్రి డ్యూటీ దిగి టిఫిన్ క్యారియరుతో శ్రీనివాస రావు అప్పుడే వచ్చాడు.

"ఏటి నాగేస్రీ, ఇంత పొద్దున్నే?"

"అన్నయ్యా, టేపుందా నీకాడ?"

వెల్డరు దగ్గర టేపు ఉందా అని అడగక్కర్లేదు. నిచ్చెన కోసం ఆయన అటూ ఇటూ చూస్తుంటే చంటి ఎగిరి ఒక చేత్తో రింగు పట్టుకుని వేలాడుతూ, రెండో చేత్తో టేపు కొస అంచుకి ఆనించాడు. తండ్రి టేపు కిందికి లాగి నేలకి ఆనించి చదివాడు. టేపు తుడిచి మళ్ళీ చదివాడు.

"రూలు పదడుగులే గదా?"

"పదే."

"జానెడు ఎక్కువుంది" అన్నాడు శ్రీనివాస రావు. "జానెడు పైనే."

చంటి చెయ్యి వదిలి కిందికి దూకాడు. తండ్రి టిఫిన్ క్యారియరు నేల మీద పెట్టి, స్తంభం మొదలు దగ్గర బూటుకాలితో మట్టి గీకాడు.

"కాలనీ క్లబ్బోల్లు ఇక్కడ ఇటుకల రాబిషేసి, పైన సిమెంటేసి, జానెడు నేల లేపుతామన్నారు. ఎలాగూ లేస్తాది గదాని ఆ ఎత్తు ముందే కలిపి పెట్టీసినాను. ఆ ఏడు దుర్గా పూజకి పెద్ద పందిరేసినారు, సిమెంటు పైయేడన్నారు. పైయేడూ పందిరే వేసినారు. నాను మరిచిపోనాను. వానలకి ఉన్న మట్టి కూడా కొట్టుకుపోయినాది."

హౌరాలో క్లబ్బు మాట నమ్మి రింగు పెట్టినవాడు ఆయన ఒక్కడే అయ్యుండడు. తెల్లవారుజామున లేచి ఆ రింగు మీద ఒళ్ళు హూనం చేసుకున్నవాడు మాత్రం చంటి ఒక్కడే. ఇక్కడ ఎంత బాగా నేర్చుకుంటే అక్కడ అంత బాగా తప్పిపోయాడు. లేని సిమెంటు మీద నిలబడి ఆడుతూ వచ్చాడు ఇన్నేళ్ళూ.

చంటికి నవ్వొచ్చింది. ఆగలేదు. వంగి మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. కొడుకు ఏడుస్తున్నాడనుకుని తండ్రి దగ్గరికి రాబోయి, ధైర్యం చాలక ఆగిపోయాడు.

"నీ చెయ్యి నానే పాడు చేసీసినానురా" అన్నాడు.

"అది కాదు నాన్నా. నాకు భయం అనుకున్నాను. జనాన్ని చూస్తే నాకు భయం అనుకున్నాను. కాదు నాన్నా."

ఆ రోజు శ్రీనివాస రావు నిద్రపోలేదు. రోజారాణి అన్నం వడ్డించి పిలిస్తే వస్తున్నానని చెప్పి నిచ్చెనెక్కాడు. తుప్పు పట్టిన నట్లకి కిరసనాయిలు పోసి నానబెట్టాడు. షెడ్డు నుంచి స్నేహితులిద్దర్ని పిలుచుకొచ్చి, బోర్డుని తాడుతో కట్టి, నట్లు విప్పి, చేతుల మీద కొంచెం కొంచెంగా దించాడు. స్తంభానికి కొత్త చిల్లులు పొడిచాడు. బోర్డు ఒరిగిపోకుండా నీళ్ళ గొట్టం పెట్టి మట్టం చూశాడు. స్నేహితులు చాలన్నాక కూడా టేపు పెట్టి మళ్ళీ కొలిచాడు. పొద్దున్నుంచీ కొడుకు మొహం వైపు ఒక్కసారి కూడా తిన్నగా చూడలేదు.

సాయంత్రం షెడ్డులో సైరన్ మోగే వేళకి చివరి నట్టు బిగించి కిందికి దిగాడు. "చూడరా" అన్నాడు, రింగునే చూస్తూ.

చంటి నాలుగడుగులు పరుగెత్తి, ఎప్పటిలాగే ఎగిరాడు. ఎప్పటిలా వేళ్ళు ఇనుముని పట్టుకోలేదు. మణికట్టు దాటిపోయింది, ముంజెయ్యి దాటిపోయింది, మోచెయ్యి వచ్చి అంచుకి తగిలింది. తల రింగు దగ్గరే ఉంది. ఒక్క క్షణం అతను బోర్డు పక్కనుంచి షెడ్డు గోడ అవతలికి చూశాడు. వరసగా రైళ్ళ కప్పులు, వాటి మీద నిలిచిన నీళ్ళు, ఆ నీళ్ళలో ఆకాశం కనిపించాయి. ఇక్కడే పుట్టి పెరిగి, ఆ గోడ అవతల ఏముందో పైనుంచి ఎన్నడూ చూడలేదు.

కిందికి దిగేసరికి స్నేహితులిద్దరూ నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. దుప్పట్లు తియ్యడానికొచ్చిన ఆడవాళ్ళు దుప్పట్లు భుజాన వేసుకుని నిలబడిపోయారు. శ్రీనివాస రావు మెల్లగా గొంతుక్కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ ఈడు ఇంత పైకి ఎగుర్తన్నాడా?" అన్నాడు ఎవరినీ కాకుండా. అప్పుడు కొడుకు మొహం చూశాడు.

"చెయ్యి పాడు చేసినావు అన్నయ్యా, గానీ ఆ కాళ్ళు కూడా నీ రింగే ఇచ్చినాది" అంది నాగేశ్వరి. ఆమె పొద్దున్నుంచీ వెళ్ళనేలేదు, ఆఫీసుకి సెలవు చెప్పేసింది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. కిరసనాయిలు చేతులతో తుడుచుకోవడం వల్ల ఇంకా ఎక్కువ నీళ్ళు కారాయి.

అయితే రింగు దిగినంత మాత్రాన చెయ్యి దిగుతుందా? శుక్రవారం పొద్దున్న చంటి వేసిన ప్రతి బంతీ బోర్డుకే తగిలింది. ఇప్పుడు ఇక్కడా పడటం లేదు. ఉన్న ఒక్క చోటూ పోయింది. ఎగిరి వేశాడు, ఇంకా పైకి ఎగిరి వేశాడు, చివరికి బంతిని గోడకేసి కొట్టాడు.

"అయిపోయిందా కోపం?" అంది అత్త. "అయితే ఇలారా. ఎగరకు."

"ఎగరకుండా ఎలాగత్తా?"

"నానెలాగ వేసినాను? నువ్వు పైకెల్లిన ప్రతిసారీ ఒక్కో ఎత్తులో ఉంటావు. ఒక్కో ఎత్తుకి చేతికి ఒక్కో లెక్క. అన్ని లెక్కలు రేపటికి రావు. నేల ఒక్కటే ఉంటాది. నేల మీద నిలబడి వెయ్యి."

"అందరూ నవ్వుతారు."

"ఇప్పుడేటి, ఏడుస్తన్నారా?"

ఆమె అతన్ని రింగు కిందే నిలబెట్టింది. అక్కణ్ణుంచి ఒక్కో అడుగు వెనక్కి తీసుకొచ్చింది. మడమలు లేస్తే తన బూటు అతని బూటు మీద పెట్టి తొక్కింది. వేలి కొసలు వంగకపోతే పట్టుకుని వంచింది. ఎడమవైపు, కోర్టు చివరి గీత కొస దగ్గరికి వచ్చాక బూటుతో మట్టి మీద గుండ్రంగా గీసి, ఇక్కడ ఆగు అంది. ఆ గుండ్రం దాటి ఇంక ఎక్కడికీ వెళ్ళనివ్వలేదు.

"ఇదొక్కటేనా అత్తా?"

"రేపటికి ఒక్క చోటు చాలు. ఆల్లు నిన్ను వొదిలీస్తారు గదా? వొదిలీసినోడు ఎక్కడికైనా ఎల్లొచ్చు. నువ్వు తిన్నగా ఇక్కడికే ఎల్లు."

ఈ మాట చంటికి ఎన్నడూ తట్టలేదు. తనని వదిలెయ్యడం ఒక దారి కూడా అని అతను అనుకోనేలేదు. పొద్దు వాలేదాకా వేశాడు. మొదట నాలుగు బంతులకి ఒకటి పడింది, తరవాత మూడు బంతులకి ఒకటి, ఎండ దిగేవేళకి సగానికి సగం. అత్త పంపుహౌసు మెట్టు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ, పడినా పడకపోయినా ఇంకొకటి అనే మాటే అంటూ వచ్చింది.

శనివారం కాలేజీ కోర్టు మెట్ల మీద ఖాళీ లేదు. గీత పక్కనే రెండు కుర్చీలు వేసి సెలెక్టర్లని కూర్చోబెట్టారు. మళ్ళీ అర్కో జట్టే. మొదటి వరసలో నాగేశ్వరి అత్త, ఆమె పక్కన ఇస్త్రీ చొక్కాలో శ్రీనివాస రావు. ఆయన బాస్కెట్‌బాల్ ఆట చూడటం ఇదే మొదలు. ఆట మొదలవక ముందే, రింగు ఎత్తు బాగానే పెట్టారని చెల్లెలితో అన్నాడు.

చంటి బెంచీ మీద కూర్చున్నాడు. ఆట సగం అయింది, సగం దాటింది. సెలెక్టర్లలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. చంటి బెంచీ అంచుకి జరిగాడు. ఒక్కసారి దింపితే చాలు, తర్వాత ఏమైనా కానీ అనుకున్నాడు. ఆఖరి భాగంలో చంటి జట్టువాడొకడు ఐదో ఫౌలు చేసి, రూలు ప్రకారం బయటికి వచ్చాడు. తపన్ దా బెంచీ ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసి, వేరే దారి లేక, "చొంటి" అన్నాడు.

అతను అడుగు పెట్టగానే అర్కో నవ్వుతూ చెయ్యి ఊపాడు. "ఛేడే దే!"

చంటి ఎడమవైపు గీత కొస దగ్గరికి నడిచాడు. పరుగెత్తలేదు, నడిచాడు. ఎవరూ వెంట రాలేదు. బంతి వచ్చింది. చేతిలో పట్టుకోగానే ధైర్యం జారిపోయి పక్కవాడికి ఇచ్చేశాడు. మెట్ల మీద ఎవరో ఈల వేశారు. బంతి తిరిగి తిరిగి మళ్ళీ అతని దగ్గరికే వచ్చింది, ఎందుకంటే ఖాళీగా ఉన్నది అతనొక్కడే. బంతి మీది గీతలు వేళ్ళకి అడ్డంగా తిప్పుకున్నాడు. మడమలు నేల మీద ఆన్చాడు. అంత ఎగిరే మనిషి నేలకి అతుక్కుపోయి బంతి వేస్తుంటే నవ్వులు అప్పుడే మొదలయ్యాయి. సర్‌మని వల కదిలింది. ఆ నవ్వులు ఎక్కడ ఆపాలో జనానికి తెలియలేదు.

"గాలివాటుగా పడింది" అన్నాడు అర్కో తనవాళ్ళతో. ఇంకోసారి వదిలేశారు. ఇంకోసారి పడింది. మూడోది అంచుకి తగిలి బయటికి వచ్చింది. దాన్ని చంటి తనే ఎగిరి, అందరి చేతుల మీదుగా అందుకుని, బయటికి ఇచ్చి, మళ్ళీ ఆ కొసకే వచ్చి నిలబడ్డాడు. నాలుగోది పడింది. గడియారం చూసుకున్న సెలెక్టరు కుర్చీలో ముందుకి జరిగాడు.

మళ్ళీ బంతి వచ్చింది.

"ధొర్! ఓకే ధొర్!" అర్కో గొంతు చీరుకుపోయేలా అరిచాడు. పట్టుకోండి, వాణ్ణి పట్టుకోండి అని. మేజోడు లాక్కునే కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చి చంటి మీదికి చేతులు చాచి నిలబడ్డాడు.

కాలేజీ ఆటలో అవతలివాడి మొహం ఇంత దగ్గరగా చంటి ఎన్నడూ చూడలేదు. పై పెదవి మీద చెమట, కనుబొమ్మ దగ్గర పాత గాటు. ఆ కళ్ళలో నవ్వు లేదు. అతను చంటి భుజాన్ని చూస్తున్నాడు, చేతిని చూస్తున్నాడు, ఎటు కదులుతాడో అని ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఒక మనిషి నన్ను చూసి ఇంత జాగ్రత్తపడుతున్నాడా అనుకున్నాడు చంటి. ఆ సంతోషంలో బంతి చేతిలో ఉన్న సంగతి మరిచిపోయాడు. తనవాళ్ళు అరుస్తున్నారు, తపన్ దా రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. చంటి బంతి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

రెఫరీ ఈల ఊది ఐదు వేళ్ళు చూపించాడు. బంతి అవతలి జట్టుకి ఇచ్చారు.

కోచ్ ఇప్పుడు బయటికి పిలుస్తాడని చంటి బెంచీ వైపు చూశాడు. తపన్ దా పిలవలేదు. సెలెక్టరొకాయన ఆయన వైపు వంగి, చంటిని చూపిస్తూ ఏదో అడుగుతున్నాడు. వెనక్కి పరుగెత్తుతుంటే మొదటి వరసలోంచి తండ్రి గొంతు వినిపించింది.

"ఏటయినాది నాగేస్రీ? ఈలెందుకూదినారు? తప్పు చేసినాడేటి?"

"తప్పే అన్నయ్యా. ఎదరోడు మీదికొచ్చి నిలబడితే ఐదు సెకన్లు బంతి అలగ పట్టుకుని ఉండిపోకూడదు."

"మరి నువ్వేటి, నవ్వుతన్నావు?"

"ఆ తప్పు చెయ్యాలంటే ముందు ఎవడో ఒకడు మీదికి రావాలి గదన్నయ్యా" అంది అత్త. ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. "ఇన్నాళ్ళూ ఈడికి ఆ తప్పు చేసే రాతే లేదు."

శ్రీనివాస రావుకి సగమే అర్థమైంది. అయినా లేచి నిలబడి, మెట్ల మీద మరెవరూ కొట్టకపోయినా, గట్టిగా చప్పట్లు కొట్టాడు.